పేరు లేని మృతుడి తమ్ముడు

నేరపరిశోధక నవలకు ఒక ఆనవాయితీ ఉంది. ఒక మనిషి కనిపించకుండా పోతాడు. అతని పేరేమిటో, వయసెంతో, చివరిసారి ఎవరితో మాట్లాడాడో మొదటి పుటల్లోనే పాఠకుడికి తెలిసిపోతుంది. ఉర్దూలో ఇబ్నె సఫీ నవలలనూ, తెలుగులో కొమ్మూరి సాంబశివరావు నవలలనూ చదివి పెరిగిన తరానికి ఈ పద్ధతి బాగా పరిచితం. పరిశోధకుడికి దొరికే మొదటి ఆధారం పోయినవాడి పేరు. ఆ పేరే ఎక్కడా నమోదు కాని చోట దర్యాప్తు ఎక్కడి నుంచి మొదలవ్వాలి?

ఈ ప్రశ్న మీద నిలబడిన ఒక నవల గురించి ఈ సంచికలో ప్రస్తావించదలిచాం. హక్కుల పత్రికకు నవలలతో ఏం పని అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. హక్కును అడిగేవాడు ముందు తానెవరో కాగితం మీద చూపాలి. చనిపోయినవాడి తరఫున అడిగేవారు, అతడు బతికి ఉండేవాడనీ, ఫలానా రోజున ఫలానా వారి చేతిలో పోయాడనీ చూపాలి. ఆ రెండూ చూపలేని ఒక తల్లీ కొడుకుల కథ ఇది. అందుకే ఇది మన పాఠకులకు దగ్గరి కథ.

అల్జీరియా రచయిత కామెల్ దావూద్ ఫ్రెంచి భాషలో రాసిన ఈ నవల పేరును తెలుగులో ‘మెర్సో: ప్రతిదర్యాప్తు’ అనవచ్చు. 2013లో అల్జీర్స్‌లోనూ, 2014లో ఫ్రాన్సులోనూ వెలువడింది. తొలి నవలలకిచ్చే గోంకూర్ పురస్కారాన్ని 2015లో అందుకుంది. దీని మూలం మరో నవలలో ఉంది. ఆల్బేర్ కామూ 1942లో ప్రచురించిన ‘లెత్రాంజే’, అంటే ‘పరాయివాడు’, ప్రపంచమంతటా చదివిన పుస్తకం. అందులో మెర్సో అనే ఫ్రెంచి గుమస్తా అల్జీర్స్ సముద్రతీరాన, మండుటెండలో, ఒక అరబ్బును కాల్చి చంపుతాడు. ఒక గుండు పేల్చి, కాసేపాగి, పడి ఉన్న దేహంలోకి మరో నాలుగు పేలుస్తాడు. తర్వాత నవల సగభాగం కోర్టులో నడుస్తుంది. తల్లి శవజాగరణలో పాలు కలిపిన కాఫీ తాగాడనీ, అంత్యక్రియల్లో ఏడవలేదనీ ప్రాసిక్యూటరు మెర్సోను నిలదీస్తాడు. మరణశిక్ష పడుతుంది. ఇంత విచారణలోనూ చనిపోయినవాడి పేరు ఒక్కసారి కూడా వినపడదు. అతని తరఫు బంధువెవరూ సాక్షి బోనెక్కరు. అతడు మొదటి నుంచి చివరి దాకా ‘అరబ్బు’ మాత్రమే.

కామూ పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన అల్జీరియా మట్టిలో పుట్టినవాడు. 1939లో కబీలియా ప్రాంతపు ఆకలిని గురించి ‘అల్జే రెపుబ్లికెన్’ పత్రికలో వరుసగా వార్తాకథనాలు రాసి పాలకులను ఇబ్బంది పెట్టినవాడు. స్థానికుల బాధ ఆయనకు తెలియనిది కాదు. అయినా తన నవలలో హతుడికి పేరు పెట్టాలని ఆయనకు తోచలేదు. ఒక మంచి రచయితకు కూడా తోచకపోవడమే వలసపాలన ఎంత లోతుగా పాతుకుందో చెబుతుంది. ఇంకో విచిత్రం ఉంది. ‘లెత్రాంజే’ పుట్టుక మీద 2016లో పుస్తకం రాసిన ఆలిస్ కప్లన్ అనే పరిశోధకురాలు, 1939 నాటి ఓరాన్ పత్రికలో ఒక సముద్రతీరపు ఘర్షణ వార్తను వెతికి పట్టుకుంది. కామూ స్నేహితులు పాల్గొన్న ఆ ఘర్షణే నవలకు బీజమని ఆమె నిర్ధారణ. నిజజీవితంలో ఆ అరబ్బు యువకుడు చనిపోలేదు. అతని పేరు ఆ వార్తలో అచ్చయింది. వలసకాలపు పత్రిక రాసిన పేరును సాహిత్యం వదిలేసిందన్నమాట.

దావూద్ నవల ఆ ఖాళీలోకి ఒక తమ్ముణ్ణి పంపుతుంది. అతని పేరు హారూన్. ఇప్పుడు ముసలివాడై, ఓరాన్ నగరంలోని ఒక మద్యశాలలో కూర్చుని, తన ఎదుట ఉన్న ఒక పరిశోధక విద్యార్థికి రాత్రుల తరబడి కథ చెబుతాడు. హతుడికి పేరుంది, మూసా. అతడు నా అన్న. అల్జీర్స్‌లో కూలిపని చేసేవాడు. అతడు పోయేనాటికి నాకు ఏడేళ్లు: ఇదీ అతని వాంగ్మూలం. ఆ ప్రసిద్ధ నవలలో ‘అరబ్బు’ అన్న మాట పాతిక సార్లు వచ్చిందని అతను లెక్కపెట్టి చెబుతాడు. ఈ పేర్ల ఎంపిక యాదృచ్ఛికం కాదు. మాట తడబడే మూసా పక్షాన మాట్లాడడానికి సోదరుడు హారూన్ తోడు వెళ్లిన వృత్తాంతం మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నవలలో హారూన్ పని కూడా అదే. అన్న నోరు శాశ్వతంగా మూతపడింది కనుక తమ్ముడు మాట్లాడాలి.

అయితే ఇది అన్నదమ్ముల అనురాగపు కథ అనుకుంటే పొరపాటు. చనిపోయిన అన్న ఈ తమ్ముడి జీవితాన్ని మింగేశాడు. తల్లి అతనికి మూసా బట్టలే తొడిగింది. మూసా కోసం ఏడ్చిన కళ్లతోనే అతన్ని చూసింది. బతికి ఉన్న కొడుకు పోయిన కొడుక్కి నీడగా పెరిగాడు. అన్న మీద ప్రేమ, కోపం, అసూయ విడదీయరానంతగా కలిసిపోయిన మనసు హారూన్‌ది. బాధిత కుటుంబాల మధ్య తిరిగిన వారెవరైనా దీన్ని గుర్తుపడతారు. ఒక బిడ్డ మాయమైతే ఆ ఇంట్లో మిగిలిన పిల్లల బాల్యం కూడా మాయమవుతుంది. ఆ నష్టాన్ని ఏ పరిహారపు లెక్కలోనూ చేర్చరు.

ఇక దర్యాప్తు. పోలీసులు ఈ ఇంటికి రారు. శవం దొరకదు. ఖాళీ సమాధి కడతారు. తల్లి దగ్గర మిగిలినవి రెండు పత్రికా ముక్కలు. ఆమెకు చదువు రాదు. కొడుకు బడికి వెళ్లి ఫ్రెంచి నేర్చుకున్నాక, ఆ ముక్కలను మళ్లీ మళ్లీ చదివించుకుంటుంది. ఉన్న నాలుగు వాక్యాలు చాలవు కనుక, పిల్లవాడు లేనివి కల్పించి చదువుతాడు. ఆ ఇంట్లో మూసా కథ ఏటేటా పెరుగుతుంది, ఆధారం మాత్రం పెరగదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కొడుకును అమరుడిగా గుర్తింపజేయాలన్న ఆమె ఆశ కూడా ఇక్కడే ఆగిపోతుంది. హంతకుడి పేరు ప్రపంచానికంతా తెలుసు. హతుడు ఉండేవాడని నిరూపించే కాగితం ఒక్కటీ లేదు.

నవలలో మా పాఠకులు జాగ్రత్తగా ఆలోచించవలసిన ఘట్టం ఆ తర్వాత వస్తుంది. 1962 జూలై, స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజులు. తల్లీ కొడుకులు అప్పటికి హజూత్ అనే ఊళ్లో ఉన్నారు. ఫ్రెంచి పాలనలో దాని పేరు మరెంగో. కామూ నవలలో మెర్సో తల్లి చనిపోయిన ఊరు అదే. ప్రాణభయంతో పారిపోతూ చీకట్లో వాళ్ల ఇంటి ఆవరణలో దాక్కున్న జోసెఫ్ లార్కె అనే ఫ్రెంచివాణ్ణి, తల్లి చూస్తుండగా, హారూన్ కాల్చి చంపుతాడు. మూసా చచ్చింది పగలు రెండు గంటలకు. ఇతడు చచ్చింది రాత్రి రెండు గంటలకు. లెక్క సరిపోయిందని తల్లి అనుకుంటుంది. కొత్త ప్రభుత్వపు సైనికాధికారి హారూన్‌ను పట్టుకుని విచారిస్తాడు. అయితే ఆ అధికారికి హత్య పట్టదు. కొన్ని రోజుల ముందు, యుద్ధం జరుగుతున్నప్పుడే ఎందుకు చంపలేదన్నదే అతని అభ్యంతరం. విచారణ లేకుండా వదిలేస్తారు.

జోసెఫ్ లార్కె మూసాను చంపలేదు. ఎవరినీ చంపినట్లు నవల చెప్పదు. అతడు కేవలం ‘ఫ్రెంచివాడు’, మూసా కేవలం ‘అరబ్బు’ అయినట్లే. ఆ క్షణంలో హారూన్ అచ్చంగా మెర్సో అవుతాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. అంత చేసినా మూసా పేరు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు, శవం దొరకలేదు. మన మీద జరిగిన అన్యాయానికి బదులుగా ఎవరో ఒకరిని, చేతికి చిక్కినవాణ్ణి, అతని జాతిని బట్టి శిక్షించాలనే ఆలోచన ఏ సమాజంలోనైనా తలెత్తవచ్చు. మన వీధుల్లోనూ యువకుల నోట అప్పుడప్పుడు వినిపిస్తుంది. న్యాయం కోరేవాడు మొదట చేయవలసిన పని నేరస్థుణ్ణి పేరుతో గుర్తించడం. జాతిని శిక్షించే వాడికి నేరస్థుడి పేరుతో పని లేదు. అందువల్ల అసలు నేరస్థుడే బతికిపోతాడు.

అల్జీరియా చరిత్ర ఈ నవల కంటే కఠినమైనది. 1957లో అల్జీర్స్ నగరాన్ని ఫ్రెంచి పారాట్రూపర్ల చేతికప్పగించిన నెలల్లో వేలాది మందిని ఇళ్ల నుంచి ఎత్తుకుపోయారు. తిరిగి రాని వారెందరో. వారిలో ప్రపంచానికి బాగా తెలిసిన పేరు మోరిస్ ఓదాన్‌ది. అతడు యూరోపియన్, గణితాధ్యాపకుడు, కమ్యూనిస్టు, స్వాతంత్ర్య పక్షపాతి. 1957 జూన్ 11న అరెస్టు చేశారు. తప్పించుకుపోయాడని సైన్యం చెప్పింది. భార్య జోజెత్ అరవై ఏళ్లకు పైగా పోరాడాక, 2018 సెప్టెంబరు 13న ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ఆ మరణానికి ప్రభుత్వ బాధ్యతను అంగీకరించారు. అప్పుడు ఇద్దరు చరిత్రకారులు, మలీకా రహాల్, ఫబ్రీస్ రిసెపుతీ, ఒక మంచి ప్రశ్న వేశారు: ఓదాన్ సరే, మిగిలిన వాళ్ల సంగతేమిటి? తమవాళ్లు ఎక్కడున్నారని నాడు కుటుంబాలు పెట్టుకున్న అర్జీలకు సంబంధించిన పత్రాలు ఫ్రెంచి ప్రభుత్వ దస్తావేజుల్లోనే పడి ఉన్నాయి. వాటిలోని పేర్లను, వెయ్యికి పైగా, ‘మరో వెయ్యిమంది’ అనే శీర్షిక కింద బహిరంగంగా ప్రచురించి, తెలిసినవారు చెప్పమని కోరారు. మనవలు, మేనల్లుళ్లు ఫోటోలతో, వివరాలతో జవాబిచ్చారు. దావూద్ హారూన్‌కు దొరకని ఆధారం వాళ్లకు దొరికింది, ఎందుకంటే ఆ తల్లులు, భార్యలు 1957లోనే అర్జీ రాసి ఇచ్చి వచ్చారు. ఆ రోజు ఆ అర్జీకి ఫలితం శూన్యం. అరవై ఏళ్ల తర్వాత అదే సాక్ష్యం.

పరాయి పాలన పోయినంత మాత్రాన మనుషులు మాయం కావడం ఆగలేదు. 1990ల అంతర్యుద్ధంలో భద్రతాదళాల చేతిలో అదృశ్యమైనవారు 6,146 మంది అని అల్జీరియా అధికారిక కమిషనే 2005లో ఒప్పుకుంది. ఆ ఏడాదే జాతీయ సయోధ్య పేరిట శాసనపత్రం తెచ్చి, కుటుంబాలకు పరిహారం ఇస్తామన్నారు, దర్యాప్తుకు మాత్రం తలుపు మూశారు. చాలామంది తల్లులు డబ్బు కాదు, బిడ్డ ఏమయ్యాడో చెప్పమన్నారు. స్వజాతి ప్రభుత్వమైనా, స్వమత ప్రభుత్వమైనా ఈ విషయంలో మినహాయింపు లేదని ముస్లిం హక్కుల పత్రికగా మేము స్పష్టంగా చెప్పదలిచాం.

రచయిత గురించి కూడా దాచకుండా చెప్పాలి. 2014 డిసెంబరులో అల్జీరియాలో ఒక ఇమాం దావూద్‌ను బహిరంగంగా ఉరితీయాలని పిలుపునిచ్చాడు. అటువంటి పిలుపును మేము నిర్ద్వంద్వంగా ఖండిస్తాం. పుస్తకానికి జవాబు పుస్తకంతోనే ఇవ్వాలి. ఆ పని చేయవలసిన చోట చేసినవారూ ఉన్నారు. 2016లో కొలోన్ నగరపు ఘటనల తర్వాత దావూద్ రాసిన వ్యాసం ముస్లిం పురుషులందరినీ ఒక్క గాటన కట్టిందని పందొమ్మిది మంది విద్వాంసులు ‘ల మోండ్’ పత్రికలో విమర్శించారు. ఆ విమర్శ సబబైనదని మేమూ భావిస్తున్నాం. ‘అరబ్బు’ అనే ఒక్క మాటలో మనిషిని పూడ్చిపెట్టడాన్ని నవలలో అంత బలంగా నిలదీసిన కలం, వ్యాసంలో అదే పొరపాటు చేసింది. అయినా నవల విలువ నవలదే.

ఇక మన గడ్డకు వద్దాం. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీద జరిగిన పోలీసు చర్య తర్వాతి మారణకాండను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందాన్ని పంపింది. అంతకుముందు రజాకార్లు చేసిన అఘాయిత్యాలనూ, ముస్లిం కుటుంబాలను తమ ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువులనూ కూడా ఆ నివేదిక గుర్తించింది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగిందని తేల్చింది. మృతుల సంఖ్యను, చాలా తక్కువగా వేసుకున్నా, 27 వేల నుంచి 40 వేల మధ్య అని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రజలకు అందనివ్వలేదు. ఆ రెండు అంకెల మధ్య తేడా 13 వేలు. పదమూడు వేల మంది మనుషులు ఉన్నారో లేరో, పోయారో పోలేదో చెప్పలేని అంచనా అది. ఒక పట్టణం జనాభా అంత మంది. పేర్ల జాబితా లేని చోట మృతుల లెక్క ఇలాగే ఉంటుంది.

పేర్లు ఉన్న చోట ఏం జరుగుతుందో హాషింపురా చెబుతుంది. 1987 మే 22న మీరట్ నగరంలోని ఆ వాడ నుంచి ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసులు ముస్లిం పురుషులను లారీలో ఎక్కించుకుపోయి, కాలువ గట్టునా, హిండన్ నది వద్దా కాల్చి, నీళ్లలోకి తోశారు. అందరి శవాలూ దొరకలేదు. కొందరు గాయాలతో బతికి సాక్ష్యం చెప్పారు. 2015లో కింది కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. 2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును తిరగరాసి పదహారు మందికి యావజ్జీవ శిక్ష వేసింది. ఈ మార్పుకు తోడ్పడినవాటిలో ఒకటి, జాతీయ మానవహక్కుల కమిషన్ పట్టుదల వల్ల ఆలస్యంగా బయటపడిన పోలీసు జనరల్ డైరీ. ఆ రోజు సిబ్బంది రాకపోకలు అందులో నమోదై ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ కుటుంబాలు ఎదురుచూసింది అలాంటి కాగితం కోసమే.

చట్టం ఏం చేస్తోంది? ఏడేళ్లు ఆచూకీ లేని మనిషిని మరణించినట్లు భావించవచ్చని సాక్ష్య చట్టం అంటుంది. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే భార్య విడాకులు కోరవచ్చని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం అనుమతిస్తుంది. ఇవి అవసరమైన సదుపాయాలే. కాశ్మీరులో ‘సగం వితంతువులు’ అని పిలవబడే స్త్రీల బాధ తెలిసినవారు వీటిని తేలిగ్గా తీసుకోలేరు. కాని ఇవన్నీ మిగిలినవారి బతుకు ముందుకు సాగడానికి చేసిన ఏర్పాట్లు. పోయినవాడు ఏమయ్యాడో చెప్పవలసిన బాధ్యతను ఇవి ఎవరి మీదా పెట్టవు. ఆ బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టే ఐక్యరాజ్య సమితి ఒప్పందం ఒకటుంది. బలవంతపు అదృశ్యాల నుంచి అందరికీ రక్షణ కల్పించే ఆ ఒప్పందం మీద భారతదేశం 2007 ఫిబ్రవరిలో సంతకం చేసింది. ధ్రువీకరణ ఇప్పటికీ జరగలేదు. అధికారంలోకి వచ్చిన ఏ కూటమీ ఈ పని పూర్తి చేయలేదు. దాన్ని ధ్రువీకరించి, బలవంతపు అదృశ్యాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించే చట్టం తేవాలని మేము డిమాండు చేస్తున్నాం. మన ఎంపీలను ఓట్ల కాలంలోనే కాక ఇప్పుడే ఈ ప్రశ్న అడగాలి.

తెలుగు పత్రికా సోదరులకు ఒక విన్నపం. ‘ఒక వర్గానికి చెందిన యువకుడు మృతి’ అని వార్త రాస్తే, ఉద్రిక్తత తగ్గించామని మీరు అనుకోవచ్చు. చదివినవారందరికీ ఏ వర్గమో ఎలాగూ తెలుస్తుంది. తెలియకుండా పోయేది ఆ యువకుడి పేరొక్కటే. బాధితుడి పేరు వెల్లడించరాదని చట్టం చెప్పిన నేరాలు వేరు. మిగిలిన చోట్ల, కుటుంబం అంగీకరిస్తే, పేరు, వయసు, వృత్తి రాయండి. అవతలి పక్షపు బాధితుడి విషయంలోనూ ఇదే నియమం పాటించండి.

మన జమాతులకూ, మసీదు కమిటీలకూ, యువజన సంఘాలకూ ఇంకో విన్నపం. మనిషి కనిపించకపోతే పరువు పోతుందనో, పోలీసులంటే భయం వల్లనో ఫిర్యాదు ఇవ్వకుండా ఉండవద్దు. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. నేరం జరిగిందని ఫిర్యాదులో తెలుస్తున్నప్పుడు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయక తప్పదని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తేల్చింది. తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపండి, రసీదు దాచండి. ఎవరైనా పట్టుకుపోయి ఆచూకీ చెప్పకపోతే, హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయడానికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ రోజు ఫలితం రాకపోవచ్చు. అల్జీర్స్ తల్లుల అర్జీల సంగతి గుర్తుంచుకోండి.

చివరిగా, 1948 చూసిన పెద్దవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. అప్పటి పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటింది. వాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజుల్లో తమ ఇంటి నుంచి, తమ వీధి నుంచి వెళ్లి తిరిగి రానివారి పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు రాసుకోండి. ముస్లింలవే కాదు, రజాకార్ల చేతిలో పోయిన హిందువులవి కూడా రాయండి. హారూన్ లాగా లేనివి కల్పించి చేర్చవద్దు, గుర్తున్నంతే చాలు. తెలిసినవాళ్లు బతికి ఉండగానే ఈ పని జరగాలి.